మూడో రీలుకి ఆరో మూత

ఆ సినిమా విడుదలైన వారం మా నేపర్‌విల్‌లో ఎవరింటికి భోజనానికి వెళ్ళినా కూరల రుచి గురించి ఒక్క ముక్క మాట్లాడినవాడు లేడు. అందరి నోటా ఒకటే మాట: ప్రభావాలు. రెండు వేల పదమూడు చలికాలం అది. తెలుగులో ఇంత స్టైలుగా క్రైమ్ థ్రిల్లర్ తీసినవాడు లేడని ఒప్పుకుంటూనే, ఏ ముక్క ఏ దేశం నుంచి ఎత్తుకొచ్చాడో కనిపెట్టకపోతే మనం చదివిన చదువులెందుకని, మా సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు లాప్‌టాప్‌లు ముందేసుకుని కూర్చున్నారు. వానలో నల్లకోటు నడక ఫ్రాన్సుది. అద్దాల గదిలో తుపాకుల పోరు హాంకాంగ్‌ది. మనిషి చావు ముందు చూపించి, బతుకు తర్వాత చూపించే ఆ కథనం కొరియాదని ఒకడు, కాదు మెక్సికోదని ఇంకొకడు. విలన్ కుర్చీ వెనక గోడకి వేలాడే పసుపుపచ్చటి చక్రం మాత్రం ముమ్మాటికీ జపానుదేననీ, అది అస్తమించే సూర్యుడికి ప్రతీక అనీ ఇంటర్నెట్టులో ఎవరో మహానుభావుడు మూడు పేరాలు రాశాడు.

నేను బిర్యానీ తింటూ అన్నీ విన్నాను. ముక్క నమిలి మింగాక నెమ్మదిగా అన్నాను.

"మీరంతా అనవసరంగా వీసాలు తీసుకుని దేశాలు తిరుగుతున్నారు. ఆ కథనం పుట్టింది ఇక్కడికి పది నిమిషాల డ్రైవ్‌లో. పసుపూ కుంకుమా దాని తల్లిదండ్రులు."

"అయిపోయింది, అంకుల్ స్టార్ట్ చేశారు" అన్నాడు ఒక కుర్రాడు, లాప్‌టాప్ మూసేసి.

వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది. "ప్లేట్లు ఎవరూ కింద పెట్టకండి. మళ్ళీ వడ్డించుకోండి. ఇది ఇప్పట్లో తేలదు."

నా మాట ఎవరూ నమ్మకపోవడానికి కారణాలున్నాయి, కాదనను. ఒక ఏడాది ఇక్కడ మంచు ఎంత కురిసిందంటే, నేను పొరపాటున పక్కింటివాళ్ళ మేడమీది కిటికీలోంచి లోపలికి దిగి, వాళ్ళ కాఫీ తాగి, వాళ్ళ కుక్కకి మన రాజకీయాలు వివరించి, అప్పుడుగానీ అది మా ఇల్లు కాదని తెలుసుకోలేదని చెప్పింది నేనే. అందులో మంచు నిజం, కిటికీ నిజం. మిగతాది కథకి ఎంత ఉప్పు కావాలో అంత వేశాను. ఈ కథలో మాత్రం ఒక్క చిటికెడు కలపలేదు. కలపాల్సిన అవసరం రాలేదు. ఇందులో అన్నీ దేవుడే సరిపడా వేశాడు.

ఏడెనిమిదేళ్ళ కిందటి మాట. ఆ రోజుల్లో సినిమా అంటే ఇనప డబ్బాలు. ఇప్పట్లా ఇంత డిస్కులో పెట్టి పంపడం ఇంకా రాలేదు. పెద్ద పళ్ళేలంత డబ్బాల్లో రీళ్ళు చుట్టి, ఇండియా నుంచి విమానంలో పంపేవారు. వాటిని షికాగో ఎయిర్‌పోర్టులో దించుకుని, కారు డిక్కీలో వేసుకొచ్చి, మా ఊరి బయట హైవే పక్కనున్న పాత థియేటర్లో ఆడించేవాడు నా స్నేహితుడు. వాడిది వరంగల్. పగలు బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ రాసేవాడు, శుక్రవారం వచ్చిందంటే డబ్బాలు మోసేవాడు. లాభమా అంటే నవ్వేవాడు. తెలుగు బొమ్మ పెద్ద తెర మీద పడుతుంటే వెనక నిలబడి జనం మొహాలు చూడటం, అదీ వాడి పిచ్చి.

వాడు ఆ థియేటర్ దొరికించుకోకముందు తెలుగు సినిమా చూడాలంటే మేము సిటీ అవతలికి గంటన్నర డ్రైవ్ చేసేవాళ్ళం. వెనక సీట్లో పిల్లల వాంతులు, డిక్కీలో చల్లారిపోయిన పులిహోర. అలాంటిది ఇంటి పక్క హాలు దొరికింది. దొరికిందన్నమాటే గానీ, నిండేది కాదు. వరసగా నాలుగైదు సినిమాలకి సగం కుర్చీలు ఖాళీ. ఆ హాలు మేనేజరు ఒక అమెరికన్ పెద్దావిడ. మా స్నేహితుడి భార్య చేసే సమోసాలంటే ఆవిడకి ప్రాణం. అయినా వ్యాపారం వ్యాపారమే కదా. ఒకరోజు సమోసా తింటూనే మావాడికి చెప్పేసింది.

"వచ్చే సినిమాకి శుక్ర, శని, ఆదివారం మూడు షోలూ ఫుల్ కావాలి. కాకపోతే సారీ హనీ, ఇదే మీ లాస్ట్ పిక్చర్."

మావాడు ఆ మాట నాకు ఫోన్‌లో చెప్పాడు. "అన్నా, ఈ హాల్ పోతే మళ్ల ఏ హాలోడు రానియ్యడు. నువ్వేమన్న చెయ్యి. నీకు నోరుంది."

నోరుంది. నిజమే. కానీ ఆ వచ్చే సినిమా సంగతి చూస్తే నా నోరు కూడా ఎండిపోయింది. కొత్త దర్శకుడు. మొదటి సినిమా. పాటల క్యాసెట్టు ఎవరూ కొనలేదు. దొంగల ముఠా కథ. హీరో స్నానం చేసేటప్పుడు కూడా నల్లకళ్ళద్దాలు తీయడని పోస్టర్లోనే తెలుస్తోంది. మావాడు ఆశ చావక ఆ దర్శకుణ్ణి కూడా రప్పించాడు, శనివారం మధ్యాహ్నం షోకి వచ్చి జనానికి నమస్కారం పెట్టేలాగ.

శుక్రవారం మధ్యాహ్నం డబ్బాలు వచ్చాయి. ఎనిమిది. మావాళ్ళ గరాజ్‌లో కారు బయటికి తీసి, చాప పరిచి, వాటిని వరసగా పేర్చారు. మావాడి భార్యది కరీంనగర్. కొత్త కారు కొన్నా, కొత్త ఫ్రిజ్ కొన్నా, ఆఖరికి మంచు తోసే మిషన్ కొన్నా, బొట్టు పెట్టందే ముట్టనివ్వని మనిషి. ఈసారి హాలు పోతుందన్న భయం కూడా తోడయింది. గిన్నెలో పసుపు తడిపి తెచ్చింది.

"డబ్బకు పెడితె ఏం ఫలం అన్నా? లోపలున్న బొమ్మకు పెట్టాలె గద" అంది నాతో.

"చెల్లెమ్మా, ఫిల్మ్ మీద పసుపు పడితే తెర మీద అందరికీ కామెర్లు వస్తాయి" అన్నాను.

మధ్యేమార్గంగా, మూతలు తీసి పక్కన పెట్టి, లోపలి రీళ్ళకి దూరం నుంచే హారతి చూపించింది. మూతల నిండా పసుపు పూసింది. మధ్యలో కుంకుమ, దాని కింద గోటితో అద్దిన చిన్న చుక్క. వాళ్ళమ్మ గడపకి అలాగే పెట్టేదట. నేను కొబ్బరికాయ కొట్టాను. మావాడు హడావుడిగా మూతలన్నీ మూసి డిక్కీలో పెట్టాడు. ఆరింటికి షో.

అమెరికా హాళ్ళలో ఒక పద్ధతుంది. రీళ్ళన్నీ ఒకదాని తోక ఇంకొకదాని తలకి అతికించి, ఒకే పెద్ద చుట్టగా చుట్టి వదిలేస్తారు. ఆ పని చేసేది పోలెండు నుంచి వచ్చిన ఒక పెద్దాయన. ఆయనకి తెలుగు రాదు, మాకు పోలిష్ రాదు. ఆయనకి కావాల్సింది మూత మీది అంకె. పసుపు కింద ఆ అంకె మసకగా కనిపిస్తూనే ఉంది. ఆ ప్రకారం అతికించేశాడు.

షో మొదలైంది. హాలు నిండింది గానీ, నిండిన తీరు వేరు. నేను బతిమాలితే వచ్చినవాళ్ళు సగం, సమోసాలకి వచ్చినవాళ్ళు సగం. హీరోకి ఒక అన్న. ఎప్పుడూ జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకుంటూ ఉంటాడు. ఇద్దరూ కలిసి దొంగతనాలు చేస్తారు. మొదటి రెండు రీళ్ళూ అలా నడిచాయి. మూడో రీలు మొదలవగానే హీరోకి హఠాత్తుగా గడ్డం వచ్చేసింది. వాన. ఎవడో కాల్చాడు. అన్న బురదలో పడి చచ్చిపోయాడు. హీరో మోకాళ్ళ మీద కూలబడి, మన ముఠాలో ఉండి పోలీసులకి సమాచారమిచ్చిన ద్రోహి ఎవడో పట్టుకుంటానని శవం మీద ఒట్టేశాడు.

ఆ తర్వాతి రీల్లో తలుపు తెరుచుకుని, దువ్వెనతో తల దువ్వుకుంటూ, నవ్వుతూ అన్న లోపలికొచ్చాడు.

మా ముందు వరసలో రిటైరయిన డాక్టరుగారొకరు ఉండేవారు. ఆయన వెనక్కి తిరిగి, "ఇదేమిటోయ్, వీడు ఇందాక పోయాడుగా? నేనే నాడి చూసినంత స్పష్టంగా పోయాడు" అన్నారు.

గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో కాళ్ళతో నేలని తన్నారు. మావాడు గోడకి ఆనుకుని నావైపు చూశాడు, మునిగేవాడు ఒడ్డువైపు చూసినట్టు. నేను లేచి నిలబడ్డాను. అప్పుడు నాకు నిజంగానే అలా అనిపించింది, అందుకే అంత గట్టిగా చెప్పగలిగాను.

"డాక్టరుగారూ, కూర్చోండి! ఇది ఫారిన్ టెక్నిక్! చావు ముందు, బతుకు వెనక! ఇక ఈ మనిషి ఏం చేసినా మనకి గుండె పిండేస్తుంది చూడండి, వాడు పోతాడని మనకి తెలుసు, వాడికి తెలియదు!"

హాలు ఒక్క క్షణం ఆలోచించింది. ఆ తర్వాత ఎవరో వెనక నుంచి "అబ్బా!" అన్నారు. అంతే. తెర మీద అన్న తమ్ముడి భుజం తట్టి "నీకు నేనున్నారా" అనగానే నా పక్కనే ఒకావిడ ముక్కు చీదింది.

ఇంటర్వెల్లో సమోసాల బల్ల దగ్గర నా చుట్టూ జనం. ప్రభావాల గురించి చెప్పమన్నారు. చెప్పాను. హంగేరీలో ఒక దర్శకుడుండేవాడు, ఆయన సినిమాని చివర నుంచి తీసుకుంటూ వచ్చేవాడు, షూటింగ్ మొదటిరోజే అందరికీ వీడ్కోలు విందు ఇచ్చేవాడు, ఈ కుర్రదర్శకుడు ఆయన దారి పట్టినవాడే అన్నాను. హంగేరీ అనే దేశం ఉందన్నంతవరకూ అది సత్యం. డాక్టరుగారు తల ఊపి, "నేను బుడాపెస్ట్ కాన్ఫరెన్స్‌కి వెళ్ళినప్పుడు అనుకున్నాను, వాళ్ళు తేడా మనుషులని" అన్నారు.

ఇంటర్వెల్ తర్వాత దెబ్బ మీద దెబ్బ. ఆరో రీల్లో ఒక కాఫీ హోటలు, చేపల తొట్టె. తొట్టెకి ఇటు పోలీసు ఆఫీసరమ్మ. అటువైపు కూర్చున్నవాడి మొహం నీళ్ళలో వణుకుతోంది. వాడు జేబులోంచి దువ్వెన తీశాడు. ద్రోహి అన్నే! ఎవడికోసం హీరో ఊరంతా వెతుకుతున్నాడో, వాడి శవం మీదే ఒట్టేసుకున్నాడు! హాలు లేచి నిలబడింది. డాక్టరుగారు తన వయసు మరిచి ఈల వేశారు. మావాడు వెనక గోడ దగ్గర ఏడుస్తున్నాడు.

బయటికొస్తూనే అందరూ ఫోన్లు తీశారు. వెంటనే చూడండి, కథ మాత్రం అడగకండి, అని. మర్నాటికి హాలు నిండుతుందని నాకు అక్కడే తెలిసిపోయింది.

శనివారం పొద్దున టెక్సాస్ నుంచి, కాపెల్‌లో ఉండే మా బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, నిన్న ఆ దొంగల సినిమాకి వెళ్ళాం. ఇంత చెత్త నా జన్మలో చూడలేదు. మీ ఊళ్ళో అదిరిపోయిందని ఈమెయిల్ గ్రూపులో రాశారు, నువ్వేనా రాసింది?"

"చెత్తా? ఒరేయ్, ఆ చేపల తొట్టె సీనులో నీకు ఒళ్ళు జలదరించలేదూ?"

"ఎందుకు జలదరిస్తుంది? సినిమా మొదలైన కాసేపటికే వచ్చేసింది. అన్నే ద్రోహి అని అప్పుడే తెలిసిపోయింది. ఇంక మిగతా సినిమా అంతా ఆ హీరోగాడు వెర్రివాడిలా వెతుకుతుంటే మేం వాచీలు చూసుకుంటూ కూర్చున్నాం."

"మొదట్లోనా? మరి వాడు చచ్చిందెప్పుడు?"

"ఇంటర్వెల్ అయ్యాక. చచ్చాడు, పీడా పోయింది అనుకున్నాం. బావా? లైన్లో ఉన్నావా?"

నేను అప్పటికే లైన్లో లేను. చెప్పులు వేసుకోకుండా కారెక్కి మావాడింటికి పోయాను. మావాడు దర్శకుడి కోసం ఎయిర్‌పోర్టుకి బయల్దేరబోతున్నాడు. కొత్త చొక్కా. విషయం చెప్పాను. భార్యవైపు తిరిగాడు. ఆవిడ చేతిలో సమోసా పిండి.

"మూతలు తీసినవ్ గద. ఏ మూత ఏ డబ్బదో సూసినవా?"

"నేను తీసిన, బొట్టు పెట్టిన. మూసింది నువ్వు గాదా? నన్నంటవేంది?" అంది ఆవిడ.

మావాడు మెట్టు మీద కూలబడ్డాడు. మూడో రీలుకి ఆరో మూత, ఆరో రీలుకి మూడో మూత. అంతే జరిగింది.

"ఇప్పుడే ఫోన్ చేస్త అన్నా. ఆ పెద్దమనిషి జల్ది వస్తె కత్తిరించి సరిగ్గ అతికిస్తడు" అన్నాడు.

"చేసి? కాపెల్‌లో ఏమైందో విన్నావుగా. సరిగ్గా అతికించావంటే ఇవాళ జనం వాచీలు చూసుకుంటారు. రేపు ఆదివారం హాల్లో నువ్వూ నేనూ ఆ పోలెండాయనా, ముగ్గురం ఉంటాం. ఎల్లుండి నుంచి మళ్ళీ గంటన్నర డ్రైవ్."

"అరే, సినిమా తీసినోడు పక్కన కూసుంటడే! తన బిడ్డకు తల కాడ కాళ్లు, కాళ్ల కాడ తల పెట్టినమని సూసి ఊకుంటడా? షో ఆపిస్తడు. టికెట్ పైసలు వాపసియ్యాలె. ఆ మేడమ్ నన్ను మెడ పట్టి దొబ్బుతది!"

"ఆయన పక్కన నేను కూర్చుంటాను."

"కూసోని?"

"నోరుందన్నావుగా."

మావాడు భార్యవైపు చూశాడు. ఆవిడ ఒక్కటే మాటంది. "దేవునికి మొక్కి బొట్టు పెట్టిన. ఆయనే అటిటు చేసిండేమొ. ముట్టకు."

ఫోన్ జేబులో పెట్టేశాడు.

మావాడితో ఎయిర్‌పోర్టుకి నేనూ వెళ్ళాను. దర్శకుడు చాలా చిన్నవాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కార్లో ముందు సీట్లో కూర్చుని హైవే వైపు చూస్తూ ఉండిపోయాడు. ఇండియాలో మొదటి ఆటకే సినిమా పోయిందని అప్పటికే ఫోన్లు వచ్చేశాయి. వెనక్కి తిరిగి నన్ను అడిగాడు.

"అండీ, మీ ఊళ్ళో ఒక్క ఈలయినా పడిందా నిన్న? అబద్ధమయినా ఫర్లేదు, చెప్పండి."

అబద్ధమయినా ఫర్లేదని నన్ను అడిగిన మొదటి మనిషి అతనే. నాకు ఆ క్షణాన అతని మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. "నాయనా, డెబ్బై ఏళ్ళ డాక్టరు ఈల వేశాడు" అన్నాను. అతను నవ్వాడు, నమ్మలేదు. నేను చెప్పే నిజాలకి ఎప్పుడూ ఇదే గతి.

హాలు కిటకిటలాడుతోంది. నడవాల్లో కూడా నిలబడ్డారు. మేనేజరమ్మ గుమ్మంలో రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని ఆశ్చర్యపోతోంది. దర్శకుణ్ణి మధ్య వరసలో కూర్చోబెట్టి, ఒకవైపు నేను, ఇంకోవైపు మావాడు, కొత్త పెళ్ళికొడుకుని కాసినట్టు కాశాం. రెండు రీళ్ళు అయ్యాయి. గడ్డంతో హీరో కనపడ్డాడు.

దర్శకుడు ముందుకి వంగాడు. "ఇది... ఇది ఇప్పుడు రాకూడదండీ."

"ఉష్" అన్నాను.

"ఇది తర్వాత రావాలండీ! రీలు మారిపోయింది! ఆపండి, ఆపమనండి!" అని లేచాడు. నేను చొక్కా పట్టుకున్నాను. మావాడు కళ్ళు మూసుకుని ఏదో దేవుణ్ణి పిలుస్తున్నాడు.

"సార్, ఇక్కడే ఉండండి" అన్నాను చెవిలో. "ఈ ఒక్క చావూ అయ్యేదాకా. తర్వాతి రీలు పడగానే ఈల పడకపోతే నేనే పైకెక్కి కరెంటు పీకేస్తాను. మీకు నిన్న పొద్దుట్నుంచీ కావాల్సింది ఒక్క ఈలేగా?"

నిలబడ్డాడు. కూర్చోలేదు, వెళ్ళలేదు. సగం వంగి అలాగే ఉండిపోయాడు. వెనకవాళ్ళు "డౌన్, డౌన్" అంటున్నారు. తెర మీద అన్న చచ్చాడు. హీరో ఒట్టేశాడు. తలుపు తెరుచుకుంది. దువ్వెన కనపడింది.

నిన్న చూసి మళ్ళీ వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారని నాకు అప్పుడు తెలిసింది. దువ్వెన కనపడీ కనపడకముందే ఈలలు. ఒకటి కాదు. పైకప్పు లేచిపోయింది. లేవలేదు నిజానికి, కానీ పోలెండాయన ప్రొజెక్టర్ గది అద్దంలోంచి తొంగిచూశాడు, అది మాత్రం నా కళ్ళతో చూశాను.

దర్శకుడు నెమ్మదిగా కుర్చీలోకి జారాడు. నా చెయ్యి పట్టుకున్నాడు. ఇంటర్వెల్లో సమోసా ఇస్తే అలాగే చేతిలో పెట్టుకుని కూర్చున్నాడు, తినలేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి, లెక్కేదో మళ్ళీ వేసుకుంటున్నట్టు. చేపల తొట్టె దగ్గర హాలు లేచి నిలబడితే, అతనూ లేచి నిలబడి, తను తీసిన సినిమాని తనే మొదటిసారి చూస్తున్నవాడిలా నోరు తెరిచి, "అవునే!" అన్నాడు. అంతే, "అవునే!"

షో అయ్యాక తెర ముందు నిలబెట్టారు. డాక్టరుగారు మైకు అందుకున్నారు.

"బాబూ, అద్భుతం. ఇంతకీ నీ మీద ఎవరి ప్రభావం? ఇదిగో, ఈయన హంగేరీ అంటున్నాడు."

దర్శకుడు నావైపు చూశాడు. గుమ్మంలో మేనేజరమ్మ నిలబడి ఉంది. ఒక్క మాట, 'మీరు రీళ్ళు తప్పు వేశారు' అని ఒక్క మాట అంటే చాలు, హాలు పోయినట్టే.

"హంగేరీ కాదండీ" అన్నాడు అతను. "నేపర్‌విల్."

అది మర్యాదకి అన్నాడనుకుని జనం చప్పట్లు కొట్టారు. మేమిద్దరం మాత్రం ఒకళ్ళ చేతులు ఒకళ్ళు పట్టుకుని పిచ్చివాళ్ళలా నవ్వాం.

ఆదివారం షోకి టికెట్లు దొరక్క జనం వెనక్కి వెళ్ళారు. మేనేజరమ్మ మావాడి బుగ్గ గిల్లి, శుక్రవారాలన్నీ మీవే పొమ్మంది. ఆ సినిమా ప్రపంచం మొత్తం మీద మా ఒక్క హాల్లోనే ఆడింది. మిగతా ఊళ్ళన్నిటిలో సరైన వరసలో వేసి చంపేశారు.

ఈ కథంతా ఆ రోజు భోజనాల దగ్గర కుర్రాళ్ళకి చెప్పాను. ఆ దర్శకుడే ఇప్పుడు మీరు మెచ్చుకునే ఈ స్టైలు థ్రిల్లర్ తీసింది, ఏడెనిమిదేళ్ళు ఎవరూ పిలవకపోతే ఓపిగ్గా కూర్చుని, ఈసారి చావు ముందూ బతుకు వెనకా కావాలనే రాసుకుని తీశాడు అన్నాను. వాళ్ళు మర్యాదగా నవ్వారు. "అంకుల్, మంచు కథ దీనికన్నా బెటర్" అన్నాడు లాప్‌టాప్ కుర్రాడు.

"అయితే రేపు మధ్యాహ్నం అందరూ మళ్ళీ ఒకసారి చూద్దాం రండి. మావాడూ వాళ్ళావిడా ఇండియా వెళ్ళి నిన్ననే వచ్చారు. వాళ్ళింకా సినిమా చూడలేదు. మీకూ ఏం చెప్పను, వాళ్ళకీ ఏం చెప్పను" అన్నాను.

కుర్రాళ్ళకి ఒక ముక్క మాత్రం చెప్పకుండా దాచాను. వెనక్కి వెళ్ళేముందు ఆ దర్శకుడు మావాళ్ళ గరాజ్‌లో డబ్బాలు సర్దుతుంటే వచ్చి, మావాడి భార్యకి నమస్కారం పెట్టి, "అక్కా, ఒక మూత నాకిస్తారా?" అని అడిగాడు. ఆవిడ ఏదిస్తే అది తీసుకున్నాడు. మూత లేని ఆ డబ్బాకి మేం అట్టముక్క పెట్టి టేపు చుట్టి పంపాం.

మర్నాడు అదే హాలు. డబ్బాలు పోయాయి, పోలెండాయన రిటైరయి ఫ్లారిడా పోయాడు, మేనేజరమ్మ జుట్టు తెల్లబడింది, సమోసా మాత్రం వదల్లేదు. ఒకే వరసలో అందరం కూర్చున్నాం. కుర్రాళ్ళు ఒకవైపు, మా ఆవిడ, నేను, మావాడు, వాడి భార్య ఇంకోవైపు. వానలో నల్లకోటు నడిచింది. కుర్రాళ్ళు "ఫ్రాన్స్" అనుకున్నారు. అద్దాల గది వచ్చింది. విలన్ కుర్చీలో కూర్చున్నాడు. కెమెరా నెమ్మదిగా అతని భుజం దాటి గోడ మీదికి వెళ్ళింది. తెర నిండా పసుపుపచ్చటి చక్రం.

నేను తెరవైపు చూడలేదు. మావాడి భార్య మొహం చూస్తున్నాను.

ఆవిడ ముందు కళ్ళు చిట్లించింది. మధ్యలో ఎండిపోయిన కుంకుమ. దాని కింద గోటితో అద్దిన చిన్న చుక్క. పసుపు కింద మసకమసకగా ఆరు అంకె. ఆవిడ చేతిలోంచి పాప్‌కార్న్ డబ్బా జారి నా ఒళ్ళో పడింది.

"అగ్గో!" అని హాలంతా అదిరిపోయేలా లేచి నిలబడింది. "అది నా బొట్టే! మా అమ్మ పెట్టే బొట్టు! అయ్యో, మన గరాజ్ మూతేనయ్యా అది!"

"ఆంటీ, ప్లీజ్ సిట్" అన్నారు వెనక నుంచి.

"నేనెందుకు కూసుంట? నా మూత ఆడ యాలాడుతుంటె నేనెందుకు కూసుంట!"

లాప్‌టాప్ కుర్రాడు నావైపు తిరిగాడు. నేను ఒళ్ళోని పాప్‌కార్న్ ఒక్కొక్కటే ఏరుకుని తింటున్నాను. మావాడు రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని, అన్నేళ్ళుగా వెనక గోడ దగ్గర నిలబడి జనం చేత వేయించిన ఈలని, ఆ రోజు తనే వేశాడు.